కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు చేత్తో విమానం నడపడం ఎలా నేర్పుతున్నారు?

ఎడమ సీటు (లైన్ శిక్షణ కెప్టెన్)

శిక్షణ ఇచ్చే కెప్టెన్లు, సిమ్యులేటర్ బోధకులు, ఈ మధ్యే కుడి సీట్లోకి వచ్చిన ఫస్ట్ ఆఫీసర్లు (కోపైలట్లు) అందరూ ఈ చర్చలో పాల్గొనాలని కోరుతున్నాను.

లైన్ శిక్షణకు, అంటే ప్రయాణికులున్న విమానాల్లో ఇచ్చే శిక్షణకు, వస్తున్న కొత్తవారి చదువు గట్టిది. చెక్‌లిస్టులు, సిస్టమ్‌లు, ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్ అన్నీ కరతలామలకం. ఆటోపైలట్ పనిచేస్తున్నంతసేపు వారి పనిలో వంక పెట్టడానికి ఏమీ ఉండదు. ఆకాశం నిర్మలంగా ఉండి, రద్దీ లేని వేళ చూసి, ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ (ఇంజిన్ శక్తిని తానే సర్దేది), ఫ్లైట్ డైరెక్టర్ (ఎటు తిప్పాలో తెర మీద గీతలతో చూపేది) మూడూ తీసేసి ఐఎల్‌ఎస్ (రన్‌వేకు దారి చూపే రేడియో సంకేతాలు) మీద దిగమంటే మాత్రం చిక్కు మొదలవుతుంది.

ఆ సమయంలో వారి కళ్లను గమనించండి. ఫ్లైట్ డైరెక్టర్ గీతలు ఇంతకుముందు కనిపించిన చోటే చూపు నిలిచిపోతుంది. గీతలు లేకపోయినా కళ్లు వాటినే వెతుకుతాయి. ఎడమ పక్కన వేగం పట్టీ మీద పసుపు బాణం కిందికి సాగుతూ, ఇంకో పది సెకన్లలో వేగం ఎంతకు పడిపోతుందో చెబుతూనే ఉంటుంది. దాని మీద చూపు పడేసరికి వేగం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. కంగారుగా థ్రస్ట్ (ఇంజిన్ తోపు) పెంచుతారు, ఎక్కువ పెంచుతారు. దాన్ని సర్దుకునేలోపు గ్లైడ్‌స్లోప్ (దిగాల్సిన వాలు) తప్పుతుంది. గ్లైడ్‌స్లోప్ వెంట పడితే లోకలైజర్ (రన్‌వే మధ్య గీతను చూపేది) జరుగుతుంది. చేతులకు చేతకాక వచ్చిన తిప్పలు కావివి. చూపు తిరగకపోవడం వల్ల వచ్చినవి.

నా ప్రశ్న ఇది. లైన్ శిక్షణలో దీన్ని ఎప్పుడు మొదలుపెడుతున్నారు? ముందు ఏది తీసేస్తున్నారు, తర్వాత ఏది? “ముందు విమానం అలవాటు కానీ, చేత్తో నడపడం తర్వాత చూద్దాం” అనేవారు చాలామంది ఉన్నారు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదన్నది నా గట్టి అభిప్రాయం.

ముడి డేటా (సిమ్యులేటర్ బోధకుడు)

మీరు చెప్పిన చూపు సమస్య సిమ్యులేటర్ గదిలోనే పుడుతోంది. ఫ్లైట్ డైరెక్టర్ గీతల్ని మధ్యలో ఉంచితే చాలు, పిచ్ (ముక్కు ఎత్తిన కోణం) ఎంత, బ్యాంక్ (పక్కకు వాలిన కోణం) ఎంత అని చూడకుండానే విమానం సరిగ్గా పోతుంది. అలా నెలల తరబడి చేసినవారికి గీతల వెనుక ఉన్న కృత్రిమ దిగంతం కనిపించడమే మానేస్తుంది.

నేను అప్రోచ్‌తో (రన్‌వే వైపు చివరి దిగుడుతో) మొదలుపెట్టను. గీతలు తీసేసి, నిర్ణీత ఎత్తులో సమతలంగా ఎగరమంటాను. 250 నాట్ల దగ్గర పిచ్ ఎంత ఉంది, ఎన్‌1 (ఇంజిన్ ఫ్యాన్ తిరిగే వేగం, శాతంలో) ఎంత ఉంది, కాగితం మీద రాసుకోమంటాను. తర్వాత 210కి తగ్గించాలి, మళ్లీ రాసుకోవాలి. ఫ్లాప్స్ (రెక్కల వెనుక పలకలు) ఒక్కో మెట్టు దించుతూ అదే పని. చివరకు చక్రాలు, పూర్తి ఫ్లాప్స్, మూడు డిగ్రీల దిగుడు. గంట తిరిగేసరికి వారి చేతిలో తమ సొంత పట్టిక ఉంటుంది. పుస్తకంలో చదివిన అంకె గుర్తుండకపోవచ్చు, తాను పట్టుకున్న అంకె మరచిపోరు. ఆ తర్వాత అప్రోచ్‌కు పంపితే సగం పని అయిపోయినట్టే. ముందు ఆ పిచ్, ఆ ఎన్‌1 పెట్టేస్తారు, మిగిలింది చిన్న చిన్న సవరణలే.

దీనివల్ల ఇంకో మేలు ఉంది. వేగం చూపే పరికరాలు నమ్మదగినవి కానప్పుడు పనికొచ్చేది ఈ జ్ఞానమే. ఏ320లో జ్ఞాపకం ఉంచుకోవాల్సిన అంకెలు అందరికీ తెలిసినవే: టేకాఫ్ తర్వాత థ్రస్ట్ తగ్గించే ఎత్తు లోపల పిచ్ 15 డిగ్రీలు, పూర్తి థ్రస్ట్, ఆ పైన 10,000 అడుగుల స్థాయి వరకు 10 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్, ఆపైన 5 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్. 737 ఎన్‌జీలో ఫ్లాప్స్ దిగి ఉంటే 10 డిగ్రీలు, 80 శాతం ఎన్‌1. ఫ్లాప్స్ లేకుంటే 4 డిగ్రీలు, 75 శాతం. చాలామంది వీటిని శ్లోకంలా అప్పజెబుతారు. కానీ ఆ పిచ్ దగ్గర దిగంతం ఎలా కనిపిస్తుందో ఒక్కసారైనా చేత్తో పట్టి చూసినవారే అవసరం వచ్చినప్పుడు అక్కడ నిలపగలరు.

క్రమం గురించి అడిగారు. నేనైతే మొదట ఫ్లైట్ డైరెక్టర్ తీస్తాను, ఆటోథ్రస్ట్ ఉంచుతాను. చూపు తిరగడం అలవాటయ్యాక ఆటోథ్రస్ట్ తీస్తాను. రెండూ ఒకేసారి తీస్తే నేర్చుకునేవారు బతికి బయటపడటం మీదే మనసు పెడతారు, నేర్చుకోవడం మీద పెట్టరు.

కుడి సీటు (కొత్త ఫస్ట్ ఆఫీసర్)

నమస్కారం. నేను మీరు మాట్లాడుకుంటున్న కొత్తవారిలో ఒకడిని. మా వైపు నుంచి రెండు మాటలు చెప్పనివ్వండి.

మాలో చాలామందికి చేత్తో నడపాలని ఉంటుంది. కానీ అడగడానికి జంకుతాం. ఒక కెప్టెన్ గారు ఉత్సాహంగా ఒప్పుకుంటారు, మరుసటి రోజు వచ్చిన కెప్టెన్ గారు “ఎందుకయ్యా ఇవన్నీ, ఆటోపైలట్ పెట్టు” అంటారు. ఒకసారి ఆ మాట పడ్డాక వారం పాటు ఎవరినీ అడగబుద్ధి కాదు. రెండోది, విమానంలో నమోదయ్యే డేటా. కొంచెం వేగం తప్పినా, కొంచెం ఎత్తు తప్పినా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందన్న భయం మా బ్యాచ్‌లో అందరికీ ఉంది. ఆటోపైలట్ పెట్టుకుంటే ఆ భయం ఉండదు కదా అనిపిస్తుంది.

కెప్టెన్‌ను ఎలా అడగాలో, ఎప్పుడు అడగాలో పెద్దలెవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

అంకెల గది (ఫ్లైట్ డేటా విశ్లేషణ విభాగం)

కుడి సీటు గారూ, మీ భయం అర్థమైంది, కానీ ఆ భయాన్ని అలాగే ఉంచుకోవద్దు. మా గదిలో ఒక్కో ఫ్లైట్‌ను పట్టుకుని ఎవరు నడిపారా అని వెతికే పని ఉండదు. ధోరణులు చూస్తాం. ఒక విమానాశ్రయంలో ఒకే రన్‌వేకు చాలా అప్రోచ్‌లు ఎత్తుగా వస్తున్నాయంటే అక్కడి దిగుడు ప్రణాళికలో ఏదో ఇబ్బంది ఉందని అర్థం. స్థిరపడని అప్రోచ్‌ను కొనసాగించి దిగేస్తే అడుగుతాం. గో-అరౌండ్ చేస్తే, అంటే దిగకుండా మళ్లీ పైకెక్కితే, ఎవరూ తప్పుపట్టరు, తప్పుపట్టకూడదు కూడా. మీ సంస్థలో దీనికి భిన్నంగా జరుగుతుంటే ఆ పద్ధతి మారాల్సిందే. డేటాను దండనకు వాడితే పైలట్లు చేత్తో నడపడం మానేస్తారు, మాకు అందే డేటా అందంగా కనిపిస్తుంది, నైపుణ్యం మాత్రం లోపల్లోపల కరిగిపోతుంది.

అందరూ గుర్తుంచుకోవలసిన పరిమితి ఒకటి ఉంది. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానాల ఎత్తుల వ్యత్యాసం వెయ్యి అడుగులే కాబట్టి, అక్కడ ఎత్తును ఆటోపైలట్ పట్టుకోవాలన్నది నియమం. కనుక ప్రయాణంలో ఎక్కువ భాగం చేత్తో నడిపే వీలే లేదు. మిగిలేది టేకాఫ్ నుంచి పైకెక్కే మొదటి భాగం, అప్రోచ్ చివరి భాగం. దూర ప్రయాణాల విమానాల్లో అయితే ఆ అవకాశాన్ని కూడా ముగ్గురు, నలుగురు పైలట్లు పంచుకోవాలి. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉంటే చాలన్న నిబంధన అర్హత నిలబెడుతుంది. నైపుణ్యం నిలబెట్టడానికి అది చాలదు.

లెక్క సరిచూసేవాడు (విమాన నిర్వహణ ఇంజినీర్)

నేను పైలట్‌ను కాను, అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. విమాన ప్రయాణం ఇంత భద్రంగా మారడానికి ఆటోమేషన్ పెద్ద కారణం. అలసట లేకుండా, ఏమరపాటు లేకుండా, ప్రతి క్షణం ఒకే కచ్చితత్వంతో పనిచేసే యంత్రాన్ని పక్కన పెట్టి, వెనుక నూట ఎనభై మంది కూర్చుని ఉండగా సాధన చేయడం ఎంతవరకు న్యాయం? సాధన కావాలంటే సిమ్యులేటర్ ఉంది. అందులో ఎన్నిసార్లు తప్పు చేసినా ఎవరికీ దెబ్బ తగలదు. ప్రయాణికుడిగా నేనైతే ఆటోపైలట్‌నే కోరుకుంటాను.

ఎడమ సీటు

మంచి ప్రశ్న, దాటవేయకూడని ప్రశ్న. రెండు ప్రమాదాలు చెబుతాను.

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్ మీద 35,000 అడుగుల ఎత్తులో వెళుతోంది. వేగం కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు స్ఫటికాలు చేరి వేగం అంకెలు చెడిపోయాయి. ఆటోపైలట్ తప్పుకుంది, విమానం పైలట్ చేతికి వచ్చింది. వేగం అంకెలు తప్పుగా ఉన్న కాలం నిమిషం లోపే. పిచ్ కదల్చకుండా, థ్రస్ట్ అలాగే ఉంచి కూర్చున్నా ఆ విమానం ఎగురుతూనే ఉండేది. కానీ నడుపుతున్న పైలట్ ముక్కు పైకెత్తాడు, విమానం 38,000 అడుగుల దాకా ఎక్కి స్టాల్‌లో (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితిలో) పడింది, స్టాల్ హెచ్చరిక మోగుతున్నా సైడ్‌స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) వెనక్కి లాగుతూనే ఉన్నాడు. ఆటోపైలట్ తప్పుకున్న నాలుగున్నర నిమిషాల లోపే 228 మందితో సముద్రంలో కూలింది. అంత ఎత్తులో చేత్తో నడపడంలో, వేగం నమ్మలేని పరిస్థితిలో ఏం చేయాలన్నదానిలో సీట్లలో ఉన్న ఇద్దరు కోపైలట్లకూ శిక్షణ ఇవ్వలేదని దర్యాప్తు నివేదిక రాసింది.

ఇక 2013 జూలై 6, శాన్ ఫ్రాన్సిస్కో, ఏషియానా 214. పగటి వేళ, నిర్మలమైన వాతావరణం, విమానంలో ఏ లోపమూ లేదు. రన్‌వే వద్ద గ్లైడ్‌స్లోప్ మాత్రం పనిచేయడం లేదు, కంటితో చూసి దిగాలి. పైలట్ ఎంచుకున్న మోడ్ వల్ల ఆటోథ్రాటిల్ (ఆటోథ్రస్ట్ లాంటిదే) నిద్రాణ స్థితిలోకి వెళ్లింది. అది వేగం పట్టుకుంటుందనుకున్నారు. 137 నాట్లు ఉండాల్సిన వేగం 103 దాకా పడిపోయింది. విమానం తోక సముద్రపు గోడను తాకింది. ముగ్గురు చనిపోయారు. చేత్తో నడిపే సాధన పెంచేలా ఆటోమేషన్ విధానాన్ని మార్చుకోవాలని దర్యాప్తు సంస్థ ఆ ఎయిర్‌లైన్‌కు సిఫార్సు చేసింది.

రెండింటిలోనూ యంత్రం తప్పుకున్న క్షణంలోనో, తప్పుకుందని తెలియని క్షణంలోనో మనిషి అవసరమయ్యాడు. ఆ క్షణాన్ని మనం ఎంచుకోలేము. సాధనకు అనువైన రోజును మాత్రం ఎంచుకోగలం. మీరు కూర్చున్న విమానాన్ని మంచి వాతావరణంలో, ఇద్దరు పైలట్లూ ముందే మాట్లాడుకుని, ఆటోపైలట్ మీట చేతి దగ్గరే ఉంచుకుని నడిపితే మీకు ప్రమాదం పెరగదు.

గాలివాటు (గ్లైడర్ బోధకుడు)

సిమ్యులేటర్ గురించి ఇంజినీర్ గారు అన్నదానికి నేను జవాబు చెబుతాను. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోలేము. సిమ్యులేటర్ పద్ధతులు నేర్పడంలో గొప్పది, మోడ్‌లు, చెక్‌లిస్టులు, ఇంజిన్ వైఫల్యాలు అన్నీ అక్కడే నేర్పాలి. కానీ అది కొన్ని కాళ్ల మీద ఊగే గది. శరీరం మీద రెండు జీల బరువు (మామూలుకు రెట్టింపు) పడటం, సగం జీలో కడుపు తేలిపోవడం అది చూపించజాలదు. అన్నిటికంటే ముఖ్యం, అందులో ఉన్నవారికి అది సిమ్యులేటర్ అని తెలుసు. గుండె దడ వేరేగా ఉంటుంది.

ఈ తేడా గుర్తించే ఐరోపాలో 2019 డిసెంబరు నుంచి కొత్త వాణిజ్య పైలట్లకు నిజమైన విమానంలో అదుపు తప్పిన స్థితి నుంచి బయటపడే శిక్షణను తప్పనిసరి చేశారు. కనీసం ఐదు గంటల పాఠం, మూడు గంటల ఎగురుడు. నా ఉద్దేశంలో మూడు గంటలు తక్కువే, అయినా ఏమీ లేకపోవడం కంటే ఎంతో మేలు. తలకిందులైన దిగంతాన్ని ఒకసారి కళ్లారా చూసినవారు రెండోసారి చూసినప్పుడు చేతులు బిగించుకోరు.

స్టాల్ నుంచి బయటపడటం గురించి పాతకాలపు అలవాటు ఒకటి ఇంకా కొందరి చేతుల్లో మిగిలి ఉంది. ఒకప్పుడు పరీక్షలో ఎత్తు ఎంత తక్కువ కోల్పోతే అంత మంచి మార్కులు. దాంతో పైలట్లు థ్రస్ట్ పూర్తిగా పెట్టి ముక్కు దించకుండా పట్టుకోవడం నేర్చుకున్నారు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి బఫెలో దగ్గర కోల్గాన్ 3407లో స్టాల్ దగ్గరపడిందని హెచ్చరించే స్టిక్ షేకర్ ఊగగానే కెప్టెన్ వెనక్కి లాగారు. 50 మంది చనిపోయారు. ఆ తర్వాతే ముందు ముక్కు దించి రెక్కకు గాలి తగిలే కోణం తగ్గించు, ఎత్తు సంగతి తర్వాత చూడు అని శిక్షణ సర్క్యులర్లు మార్చారు. కొత్తవారికి మొదటి రోజే ఇది నరాల్లోకి ఎక్కాలి.

గ్లైడర్‌లో ఇంజిన్ ఉండదు కాబట్టి ఎత్తే మీ ఖజానా, వేగమే మీ ఖర్చు. ఎక్కడ ఎంత శక్తి మిగిలిందో ప్రతి క్షణం తెలుసుకోకపోతే పొలంలో దిగాల్సిందే. 1983లో 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయిన ఎయిర్ కెనడా 767ను గిమ్లీలో దింపిన కెప్టెన్ గ్లైడర్ పైలట్ కూడా. చివర్లో ఎత్తు ఎక్కువై, విమానాన్ని పక్కకు జార్చి దింపాడు. ఆ పని ఆయనకు గ్లైడర్ నేర్పింది.

నేల మీది చదువరి (మానవ కారకాల పరిశోధన)

ఇక్కడ చర్చకు పనికొచ్చే ఒక అధ్యయనం ఉంది. 2014లో నాసా ఏమ్స్ కేంద్రానికి చెందిన స్టీఫెన్ కాస్నర్ బృందం 16 మంది ఎయిర్‌లైన్ పైలట్లను 747-400 సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఆటోమేషన్‌ను ఒక్కో మెట్టు తగ్గిస్తూ పరీక్షించింది. అందరూ చేతులు మొద్దుబారి ఉంటాయని ఊహిస్తారు. చేతి పనితనం, పరికరాల మీద చూపు తిప్పడం కాస్త తుప్పు పట్టినా చాలావరకు నిలిచే ఉన్నాయి. దెబ్బతిన్నది ఆలోచన. మ్యాప్ లేకుండా విమానం ఎక్కడ ఉందో మనసులో పట్టుకోవడం, తర్వాత చేయాల్సిన పనిని ముందే నిర్ణయించుకోవడం, పరికరం పాడైందని గుర్తించడం, ఇవి తడబడ్డాయి. ఆటోపైలట్ నడుపుతున్నప్పుడు ఎవరు విమానంతో పాటు ఆలోచిస్తూ ఉన్నారో, ఎవరి మనసు వేరే చోట తిరిగిందో, దాన్ని బట్టి ఈ నైపుణ్యాలు నిలవడమో పోవడమో జరుగుతోందని వారు తేల్చారు.

అందుకే ఎడమ సీటు గారు మొదటి పోస్టులో చేతులను తప్పించి కళ్ల వైపు వేలు చూపడం నాకు నచ్చింది. కళ్లకంటే ఇంకా ఒక అడుగు లోపలికి వెళ్లాలి.

ఎడమ సీటు

ఈ అధ్యయనం గురించి విన్నాను కానీ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు, కృతజ్ఞతలు. నేను చేసే ఒక పనికి ఇప్పుడు సరైన ఆధారం దొరికింది.

దిగుడు మొదలుకాక ముందు, ఆటోపైలట్ మీదే ఉండగా, కొత్తవారిని అడుగుతూ ఉంటాను. కంప్యూటర్ చూపే దిగుడు బిందువు కనిపించకుండా చేత్తో మూసి, “ఎక్కడ దిగుడు మొదలుపెట్టాలి?” అంటాను. 36,000 అడుగుల నుంచి రెండు వేలకు రావాలి. 34 వేల అడుగులు, మూడుతో గుణిస్తే 102 మైళ్లు. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది మైళ్లు కలుపు. వెనుక గాలి ఉంటే ఇంకొంచెం. కంప్యూటర్‌తో పోల్చి చూడమంటాను. దగ్గరగా వస్తే మొహంలో వెలుగు కనిపిస్తుంది. చివరి అప్రోచ్‌లో నేల మీది వేగాన్ని ఐదుతో గుణించమంటాను: 140 నాట్లయితే నిమిషానికి 700 అడుగుల దిగుడు. ఈ లెక్క చేయగలిగినవారికి గ్లైడ్‌స్లోప్ పోయినా, ఫ్లైట్ డైరెక్టర్ పోయినా కాళ్ల కింద నేల ఉన్నట్టే.

వారంలో ఒక రోజు కూడా చేత్తో నడిపే వీలు లేకపోయినా ఈ సాధన ప్రతి ఫ్లైట్‌లో చేయవచ్చు. రద్దీ ఎంత ఉన్నా దీనికి అడ్డు లేదు.

పక్క సీటు కన్ను (సీనియర్ ఫస్ట్ ఆఫీసర్)

ఇంతవరకు నడిపే వారి గురించే మాట్లాడారు. పక్కన కూర్చుని చూసేవారి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకరు చేత్తో నడుపుతుంటే రెండోవారికి పని పెరుగుతుంది. ఎత్తు, దిశ, వేగం ఎంపికలన్నీ వారే మార్చాలి, రేడియో వారే చూడాలి, అదే సమయంలో నడిపేవారి తప్పు కూడా వారే పట్టాలి. కొత్తవారికి ఈ రెండో పని నేర్పకుండా మొదటిది నేర్పితే సగం నేర్పినట్టు.

మామూలుగా కొత్తవారు తేడా చూస్తారు, నోరు విప్పరు. కెప్టెన్ నడుపుతుంటే “వేగం” అని ఒక్క మాట అనడానికి పది సెకన్లు ఆలోచిస్తారు. నేను కొత్తవారితో ఎగిరేటప్పుడు ముందే చెబుతాను: నేను నడుపుతుంటే మీరు తేడా కనబడగానే చెప్పాలి, నేను దాన్ని అప్పటికే సరిచేస్తున్నానని మీకు అనిపించినా చెప్పాలి. “సరిచేస్తున్నాను” అన్నది నా జవాబు. ఇది రెండు మూడు ఫ్లైట్లలో అలవాటైపోతుంది. ఆ గొంతు ఉంటేనే ఎవరికైనా చేత్తో నడపడం క్షేమం.

ముడి డేటా

పక్క సీటు కన్ను గారి మాట అక్షరాలా నిజం. సిమ్యులేటర్‌లో నేను ఒక్కోసారి నడిపేవారి చెవిలో “నెమ్మదిగా ఎడమకు జారనివ్వు” అని చెప్పి, పక్కవారు ఎప్పుడు పలుకుతారో చూస్తాను.

గో-అరౌండ్ విషయం కూడా ఎత్తాలి. సిమ్యులేటర్‌లో గో-అరౌండ్ అంటే చాలామందికి ఒక ఇంజిన్ పోయినది, కనిష్ఠ ఎత్తు దగ్గర చేసేదే గుర్తుకొస్తుంది. నిజ జీవితంలో జరిగేది రెండు ఇంజిన్లతో, తేలికైన విమానంతో, ఆగవలసిన ఎత్తు దగ్గర్లోనే ఉండగా. పూర్తి థ్రస్ట్ పెడితే విమానం రాకెట్‌లా లేస్తుంది, వెయ్యి అడుగులు కళ్లు మూసి తెరిచేలోపు దాటిపోతుంది. ఒక్కసారిగా వేగం పెరగడంతో లోపలి చెవి మోసం చేస్తుంది, ముక్కు బాగా పైకి లేచిపోయిందని శరీరం నమ్ముతుంది, చేయి తనంతట తాను ముందుకు తోస్తుంది. 2016 మార్చిలో రోస్తోవ్‌లో ఫ్లైదుబాయ్ 737 రాత్రి వేళ రెండో గో-అరౌండ్‌లో ముక్కు కిందికి పెట్టి నేలను ఢీకొంది. ట్రిమ్ (ముక్కు కోణాన్ని నిలిపి ఉంచే ఏర్పాటు) స్విచ్‌ను 12 సెకన్లు ముందుకు నొక్కి ఉంచారు. 62 మంది పోయారు. కొత్తవారికి రెండు ఇంజిన్ల గో-అరౌండ్‌ను వేర్వేరు ఎత్తుల నుంచి, ఫ్లైట్ డైరెక్టర్ లేకుండా, మేఘంలో పదేపదే చేయించాలి. ప్రతిసారీ మొదట పిచ్ అంకె మీదికి చూపు వెళ్లాలి. శరీరం చెప్పేది వినకూడదు.

కుడి సీటు

ఇక్కడ చదివినదంతా నోట్సులో రాసుకున్నాను. ఒక సందేహం. నేను ఏ320లో ఉన్నాను. సైడ్‌స్టిక్ వదిలేస్తే విమానం ఉన్న చోటే ఉంటుంది, ట్రిమ్ దానంతట అదే చూసుకుంటుంది. ఇలాంటి విమానంలో చేత్తో నడపడం అంటే నిజంగా చేత్తో నడిపినట్టేనా? మా సహాధ్యాయి 737లో ఉన్నాడు, అతను “మీది చేత్తో నడపడం కాదు” అంటాడు.

ముడి డేటా

కుడి సీటు గారూ, ఆ మాటను మనసుకు పట్టించుకోవద్దు. 737లో థ్రస్ట్ మారితే ముక్కు కదులుతుంది, వేగం మారితే ట్రిమ్ మార్చాలి, చేతికి బరువు తెలుస్తుంది. మీ విమానంలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది. కానీ వేగం, ఎత్తు, దిశ, దిగుడు, గాలి అన్నీ మీరే చూసుకోవాలి. ఆలోచన భాగం రెండింటిలో ఒకటే, కష్టమైనది కూడా అదే.

ఏ320లో కొత్తవారి ప్రధాన దోషం సైడ్‌స్టిక్‌ను కలియబెట్టడం. విమానం తానే నిలబడగలదు, మీరు ఆగకుండా కదిలిస్తే దానికి మీరే అడ్డం. చిన్నగా కదపండి, వదలండి, ఏమైందో చూడండి, మళ్లీ కదపండి. ముంజేయి ఆర్మ్‌రెస్ట్ మీద ఆనాలి, వేళ్లతోనే కదపాలి. ఆర్మ్‌రెస్ట్ ఎత్తు మీకు కుదిరిన అంకె గుర్తుపెట్టుకుని ప్రతి ఫ్లైట్‌కు ముందు అదే పెట్టుకోండి. నేల దగ్గర చూపు రన్‌వే చివరి వైపుకు తీసుకెళ్లండి, దగ్గరి గీతల్ని చూస్తే ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) ఆలస్యమవుతుంది.

వచ్చే సిమ్యులేటర్ సెషన్‌లో “డైరెక్ట్ లా” (కంప్యూటర్ సాయం బాగా తగ్గిన నియంత్రణ స్థితి) చేయించమని మీ బోధకుణ్ని అడగండి. అందులో ఆటోమేటిక్ ట్రిమ్ ఉండదు, చక్రాన్ని చేత్తో తిప్పి ట్రిమ్ చేసుకోవాలి. మీ సహాధ్యాయి అనుభవించేది మీకూ తెలుస్తుంది.

లెక్క సరిచూసేవాడు

నా అభ్యంతరం కొంత సడలింది. మంచి వాతావరణం, ముందస్తు ఒప్పందం, పక్కవారి కన్ను, ఈ మూడూ ఉంటే అర్థం చేసుకోగలను. కానీ ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు. సాధన చేస్తూ చేస్తూ చెడుతుంటే ఎవరు, ఏ క్షణంలో ఆటోపైలట్ తిరిగి పెడతారు?

ఎడమ సీటు

అది ముందే నిర్ణయించుకోవాలి. గాలిలో ఉండి నిర్ణయించుకునేది కాదు. కుడి సీటు గారు మొదట అడిగినదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది.

కెప్టెన్‌ను దిగుడు బ్రీఫింగ్ సమయంలో అడగండి, చివరి పది మైళ్లలో కాదు. “ఈ రోజు వాతావరణం బాగుంది, రద్దీ తక్కువ, మీకు అభ్యంతరం లేకపోతే పది వేల అడుగుల నుంచి ఫ్లైట్ డైరెక్టర్ లేకుండా నడుపుతాను” అని ప్రణాళికగా చెప్పండి. వెంటనే ఆపే షరతులు కూడా మీరే చెప్పండి: రన్‌వే మారినా, కంట్రోలర్ వేగం ఆదేశాలు వరుసగా ఇస్తున్నా, మీ ఇద్దరిలో ఎవరికైనా అలసటగా ఉన్నా, వాతావరణం అనుకున్నదానికంటే చెడినా ఆటోపైలట్ పెట్టేస్తాను. ఇలా షరతులతో వచ్చిన ఫస్ట్ ఆఫీసర్‌కు కాదనే కెప్టెన్ తక్కువ. కాదంటే ఆ రోజుకు వదిలేయండి, బహుశా ఆయన తెల్లవారుజాము నుంచి డ్యూటీలో ఉండి ఉంటారు. మరో రోజు, మరో కెప్టెన్‌ను అడగండి.

ఇంజినీర్ గారూ, సాధన సాగుతుండగా నేను చూసేది ఒక్కటే. సవరణల పరిమాణం తగ్గుతోందా, పెరుగుతోందా? తగ్గుతుంటే నోరు మూసుకుని కూర్చుంటాను, ఎంత తడబడినా నేర్చుకుంటున్నారు. పెరుగుతుంటే “ఫ్లైట్ డైరెక్టర్ పెడుతున్నాను” అంటాను, అదీ చాలకపోతే ఆటోపైలట్. ఇక వెయ్యి అడుగులకు స్థిరపడకపోతే, సంస్థ నియమం ఏదైతే అదే, గో-అరౌండ్. సాధన కోసం ఎగురుతున్నామని ఆ గీత జరగదు.

కుడి సీటు గారూ, ఇంజిన్లు ఆపాక ఐదు నిమిషాలు కూర్చుని కెప్టెన్‌ను ఒకటి అడగండి: “నా కళ్లు ఎక్కడ ఎక్కువసేపు ఆగాయి?” ల్యాండింగ్ ఎలా ఉందని అడిగితే బాగుంది అనేస్తారు. కళ్ల గురించి అడిగితే నిజం చెప్పక తప్పదు.

కుడి సీటు

ధన్యవాదాలు సర్. రేపటి బ్రీఫింగ్‌లోనే అడుగుతాను, షరతులు ఇప్పుడే రాసుకుంటున్నాను. ముడి డేటా గారూ, మీ పిచ్, ఎన్‌1 పట్టికకు ఏ బరువుల దగ్గర రాసుకోవడం మొదలుపెడితే మంచిది?

ముడి డేటా

మీరు మామూలుగా దిగే బరువు దగ్గర ఒకటి, దానికి ఆరేడు టన్నులు తక్కువలో ఒకటి. రెండు వరుసల మధ్య తేడా ఎంత చిన్నదో చూస్తే మీకే ధైర్యం వస్తుంది. ఎన్‌1 రెండు మూడు శాతం, పిచ్ అర డిగ్రీ అటూఇటూ. ముందు మీ అంచనా రాసుకోండి, తర్వాత ఎగిరి చూడండి.